తోట లెక్కలో లేని మనుషులు

ఈ నివేదిక ముందు పేజీల్లో మన మండల సమాఖ్య లెక్కలు ఉన్నాయి. ఏ ఊళ్లో ఎన్ని సంఘాలు, పొదుపు ఎంత జమైంది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, వసూలు ఎంతైంది, అన్నీ పట్టికల్లో చూసుకున్నారు. చివర్లో ఒక చరిత్ర వ్యాసం వేసుకుందామని కార్యవర్గంలో అనుకున్నప్పుడు, నూజివీడు జమీందార్ల గురించి రాయమని కొందరు, కోట గురించి రాయమని కొందరు అన్నారు. వాటికి వేరే పుస్తకాలున్నాయి. మన తోటల్లోకి కూలికి వచ్చేవాళ్ల గురించి, మన తెలుగు ఊళ్ల నుంచి కూలికని బయటికి పోయినవాళ్ల గురించి, ఆ కూలీలని కూడగట్టి సంఘాలు పెట్టినవాళ్ల గురించి మనం రాయకపోతే ఎవరూ రాయరు. అందుకని ఈ నాలుగు పేజీలు వాళ్లకి ఇచ్చాం.

నూజివీడు మామిడి సంగతి మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు, సువర్ణరేఖ, ఏ కాయ ఏ తోటదో చూసి చెప్పగల సభ్యులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. పూత మీదే తోట గుత్తకి పోతుంది. గుత్తదారు కాపలా మనిషిని పెడతాడు, ఆ మనిషి పెళ్లాం పిల్లలతో తోటలోనే పాక వేసుకుంటాడు. కోత మొదలయ్యాక మగవాళ్లు చిక్కం కట్టిన గెడలు పట్టుకుని చెట్టెక్కుతారు. కింద ఆడవాళ్లు కాయ అందుకుని, తొడిమ తుంచి సొన కార్చి, సైజు చూసి వేరు చేసి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దుతారు. సొన పడితే చెయ్యి పొక్కుతుంది, మొహం మీద పడితే నల్లటి మచ్చ చాలారోజులు ఉండిపోతుంది. సాయంత్రానికి లోడు నున్న మార్కెట్టుకి పోవాలి. ఆ తొందరలో ఎవరి పేరు ఎవరు అడుగుతారు?

ఈ కూలీల్లో కొందరు మన సభ్యులే. కొందరు పక్క మండలాల నుంచి ఆటోల్లో వచ్చి పోయేవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి సీజనంతా ఉండిపోయేవాళ్లు కొందరు. ఈమధ్య ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు కూడా కనిపిస్తున్నారు. గుత్తదారు చిట్టాలో వాళ్లందరూ ఒక్క గీతలో ఉంటారు: ముఠా, ఇంతమంది, ఇంత అడ్వాన్సు, ఇన్ని రోజులు. చిట్టా రాసేవాడికి అంతకన్నా అవసరం లేదు. తప్పు పట్టడానికి కాదు, చిట్టా ఉండేదే అందుకు. కాకపోతే ఓ యాభై ఏళ్లు పోయాక, ఈ తోటల్లో ఎవరు పనిచేశారు అని ఎవరైనా వెతికితే దొరికేది ఆ ఒక్క గీతే. అది కూడా చెదలు తినకపోతే.

వలస మనకి కొత్తది కాదు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికి కొద్దిగా ముందే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. కాలవలు పారాక డెల్టాలో వరి పెరిగింది, నాట్లకీ కోతలకీ మనుషులు కావలసి వచ్చారు. మనది మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకని మెట్ట ఊళ్ల నుంచి డెల్టాకి నాట్లకి వెళ్లడం, కోతలకి వెళ్లడం, నూర్పిళ్లు అయ్యాక గింజలు మూటకట్టుకుని రావడం తరాల తరబడి సాగింది. మన పెద్దవాళ్లలో చాలామందికి గుడివాడ వైపు చేలగట్లు మన ఊరి చేలగట్లంత తెలుసు. ఇప్పుడు అదే డెల్టాలో నాట్లు వెయ్యడానికి బెంగాల్ నుంచి, బీహార్ నుంచి మగవాళ్ల బృందాలు వస్తున్నాయి. మన ఆడవాళ్లేమో మిరప కోతలకి ఇంకో జిల్లాకి పోతున్నారు. పని ఒకటే, దాని మీద మనుషులు మారుతున్నారు, అంతే.

అంతకన్నా దూరం పోయినవాళ్లు కూడా ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి అని ఒక రేవు ఉండేది. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమలో జనం లక్షల్లో చచ్చిపోయారు. ఆ రోజుల్లోనే తెల్లవాళ్ల చెరుకు తోటల్లో బానిసత్వం రద్దయింది, వాళ్లకి చవగ్గా పనిచేసే మనుషులు కావలసి వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం మీద మనవాళ్లని ఓడలెక్కించి మారిషస్‌కి తీసుకుపోయారు. కోరంగి రేవు నుంచి వెళ్లారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకి కోరంగీలు అని పేరు పడింది. బర్మాలో కూడా అదే పేరు. మనం తెలుగువాళ్లం అనుకుంటాం, వాళ్లకి మాత్రం మనం ఒక రేవు పేరు. ఈరోజు మనం మన తోటలోకి వచ్చినవాళ్లని, అది ఏ జిల్లా ఏ ఊరు అని చూడకుండా 'బీహారోళ్లు' అనేస్తాం కదా, అలాంటిదే ఇది.

దక్షిణాఫ్రికాకి మొదటి ఓడ 1860లో మద్రాసు నుంచి వెళ్లింది. ఆ ఓడ పేరు ట్రూరో. నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో ఉన్న 342 మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1911లో ఆ పద్ధతి ఆగేలోపు లక్షా యాభై రెండు వేల మందికి పైగా మన దేశం నుంచి అక్కడికి వెళ్లారు. ప్రతి ఓడకీ ఒక జాబితా ఉంది. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. వంద మంది మగవాళ్లకి నలభై మంది ఆడవాళ్లు ఉండాలని నియమం ఉండేది కాబట్టి ఆడవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఎడమ చేతి మీద కాలిన మచ్చ అని రాశారు, ఆ మచ్చ ఎలా పడిందో రాయలేదు. ఒంటరిగా ఓడెక్కిన మనిషి ఎందుకు ఎక్కిందో రాయలేదు. మొగుడు పోయాడా, కరువుకి ఇల్లు కూలిందా, మేస్త్రి మాయమాటలు చెప్పాడా, ఆ గడి ఆ జాబితాలో లేదు.

మారిషస్‌లో ఆ కాగితాలని మహాత్మాగాంధీ పేరున్న సంస్థలో భద్రంగా దాచారు. కొంతమంది కూలీల ఫోటోలు కూడా ఉన్నాయి. పోర్ట్ లూయీ రేవులో కూలీలు ఓడ దిగి ఎక్కి వచ్చిన పదహారు మెట్లు ఇంకా ఉన్నాయి. ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ దేశంలో ఉగాది సెలవు రోజు. మనవళ్లు, మునిమనవళ్లు వచ్చి, తాత నంబరు చెప్పి కాగితం తీయించుకుని ఏడుస్తారట. ఎందుకు ఏడవరు? కాని ఒకటి గమనించాలి. ఆ కాగితాలు తోట యజమానుల కోసం, ప్రభుత్వం కోసం రాసినవి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. మన అప్పలస్వామి అక్కడ అప్పల్‌సామి అయి ఇంటిపేరుగా స్థిరపడ్డాడు. ఊరి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. కాగితం దొరికినా ఊరు దొరకనివాళ్లు ఎందరో ఉన్నారు.

మలయా సంగతి ఇంకో రకం. అక్కడ రబ్బరు, కొబ్బరి, పామాయిల్ ఎస్టేట్లకి మనుషులని తెచ్చేవాణ్ణి కంగాణి అనేవారు. అతనూ కూలీయే, ఊరికి వచ్చి తనవాళ్లకి అడ్వాన్సు ఇచ్చి వెంటబెట్టుకుని పోయేవాడు. మన ముఠా మేస్త్రి చేసే పనే, దూరం ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం మలయాని పట్టుకున్నాక, సయాం నుంచి బర్మాకి రైలు దారి వెయ్యాలని 1942లో మొదలుపెట్టింది. అడవిలో, కొండల్లో 415 కిలోమీటర్లు. పనికి సుమారు అరవై వేల మంది యుద్ధ ఖైదీలని పెట్టారు. వాళ్లు ఇంగ్లీషువాళ్లు, ఆస్ట్రేలియావాళ్లు, డచ్చివాళ్లు, అమెరికన్లు. వాళ్లతో పాటు ఆసియా దేశాల కూలీలు లక్షా ఎనభై వేలకి పైనే. వాళ్లలో మలయా ఎస్టేట్ల నుంచి తోలుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఖైదీల్లో పన్నెండు వేలమందికి పైగా చనిపోయారు. కూలీల్లో తొంభై వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. కలరా, ఆకలి, దెబ్బలు.

ఇప్పుడు ఆ రైలు గురించి ప్రపంచానికి ఏం తెలుసు? ఖైదీల కథ తెలుసు. వాళ్లు రహస్యంగా డైరీలు రాశారు, బొమ్మలు వేశారు, ఇళ్లకి చేరాక పుస్తకాలు రాశారు, 1957లో సినిమా వచ్చింది. కాంచనబురిలో వాళ్ల సమాధులు వరసలు వరసలుగా, దాదాపు ఏడు వేలు, చాలావాటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అన్ని రెట్లు ఎక్కువగా చచ్చిపోయిన కూలీలకి ఒక్కొక్కరి పేరుతో రాయి లేదు. బతికి ఎస్టేటుకి తిరిగొచ్చినవాళ్లకి చదువు లేదు. వాళ్లని కూర్చోబెట్టి అడిగినవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు, అప్పటికి మిగిలింది కొద్దిమంది ముసలివాళ్లు. అంచనా అన్న మాట ఉంది చూడండి, పేర్లు రాసుకోనప్పుడే ఆ మాట అవసరపడుతుంది. మన సంఘంలో పొదుపు అంచనాగా రాస్తే ఊరుకుంటామా?

కూలీల సంగతి ఇలా ఉంటే, కూలీలని కూడగట్టిన ఆడవాళ్ల సంగతి కొంత మెరుగు. దానికి కారణం ఆడవాళ్లే. 1980ల్లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే బృందం ఉండేది. వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి టేపు రికార్డర్లు పట్టుకుని వెళ్లారు. గంటలకొద్దీ మాట్లాడించి, వాళ్ల మాటల్లోనే రాసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు. అందులో చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది. మన కృష్ణా జిల్లా ఉద్యమం నుంచి వచ్చిన మోటూరు ఉదయం, మానికొండ సూర్యావతి, కొండపల్లి కోటేశ్వరమ్మ ఉన్నారు. ఉదయం గారు ఆడవాళ్ల బుర్రకథ దళంతో ఊరూరా తిరిగారు. ఆడది గంతులేస్తూ కథ చెప్పడమేమిటని ముక్కున వేలేసుకునే రోజులవి.

ఆ పుస్తకం వచ్చిన తేదీ చూడండి, 1986. పాలకుర్తిలో తన కౌలు భూమి కోసం విసునూరు దేశముఖ్‌తో తలపడిన ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబరులో. వాళ్లు రెండేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఐలమ్మ గురించి ఇతరులు చెప్పిన కథలే మనకి మిగిలేవి. కోటేశ్వరమ్మ గారు పామర్రులో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి, బాల్యంలోనే వైధవ్యం, మళ్లీ పెళ్లి, పార్టీ కోసం అజ్ఞాతవాసం, నగలిచ్చేయడం, తర్వాత భర్త విడిచిపోవడం, నడివయసులో చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతకడం, కన్నబిడ్డలని పోగొట్టుకోవడం, ఇన్నీ ఒక్క మనిషి చూసింది. తొంభై దాటాక 2012లో 'నిర్జన వారధి' అని తన కథ తనే రాసుకున్నారు. 2018లో కన్నుమూశారు. ఆ పుస్తకం లేకపోతే చరిత్రలో ఆవిడ పేరు ఒక నాయకుడి మొదటి భార్యగా ఒక్క వాక్యంలో అయిపోయేది. మన సమాఖ్య ఆఫీసు బీరువాలో ఆ రెండు పుస్తకాలూ తెచ్చి పెట్టాలని మా కోరిక. చదవడం రానివాళ్లకి సమావేశం అయ్యాక ఎవరైనా చదివి వినిపించవచ్చు.

ఒక మాట మాత్రం చెప్పాలి. నాయకురాళ్ల కథ దొరికినంత తేలిగ్గా, వాళ్ల వెనక నడిచిన కూలి మనిషి కథ దొరకదు. రాత్రిళ్లు అన్నం మూట తీసుకెళ్లి ఇచ్చిన మనిషి, పోలీసులు వస్తే చంకలో పిల్లతో అడ్డంగా నిలబడ్డ మనిషి, కోత కూలి పెంచకపోతే కొడవలి ముట్టుకోమని మొదట కొడవలి కింద పెట్టిన మనిషి. ఆ మనుషులు మాల, మాదిగ పల్లెల్లో, చాకలి, గొల్ల ఇళ్లలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి టేపు రికార్డరు తక్కువే వెళ్లింది.

మన పొదుపు సంఘాల పుట్టుక కూడా ఒక కథ చదవడంతోనే ముడిపడింది, అది చాలామంది కొత్త సభ్యులకి తెలీదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. పగలంతా పొలం పని చేసి రాత్రి లాంతరు దగ్గర కూర్చుని ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా తాగే మొగుడితో వేగలేక నలిగిపోయిన ఆడదాని కథ. దూబగుంటలో ఆడవాళ్లు అది తమ కథేనన్నారు. సారా కొట్టు మూయించారు. తర్వాత తయారైన వాచకంలో దూబగుంట ఆడవాళ్లు చేసిన పనే ఇంకో పాఠంగా వచ్చింది. అది చదివి వేరే ఊళ్లు కదిలాయి. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించింది. సారాకి పోయే డబ్బులో రోజుకి ఒక్క రూపాయి దాచుకుందామని నెల్లూరులో పొదుపు మొదలైంది. మన ఊళ్లలో సంఘాలు ఆ తర్వాత వచ్చినవే. ఆ దూబగుంట ఆడవాళ్లు ఎవరు? ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. రోశమ్మ గారి పేరు అందరికీ తెలిసింది. ఆమె పక్కన నిలబడ్డ మిగతావాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇదంతా గ్రామ సమాఖ్య సమావేశాల్లో చెప్పినప్పుడు సభ్యులు ఊరికే తలాడించలేదు. మనం సంఘం పెట్టుకున్నది అప్పుల కోసం, పిల్లల చదువుల కోసం, కథలు రాయడానికా అని ఒకరు అడిగారు. దానికి జవాబు తేలికే: దూబగుంట చూడండి. రెండో ప్రశ్న గట్టిది. మన ఊరివాళ్ల కథలైతే రాద్దాం, బయటినుంచి వచ్చినవాళ్లు తక్కువ కూలికి ఒప్పుకుని మన పని పోగొడుతున్నారు, వాళ్ల కథ మనమెందుకు రాయాలి అని. ఆ మాట అన్నవాళ్లు ఏదో కడుపుమంటతో అన్నది కాదు. ఏప్రిల్, మే నెలల కూలితోనే కిస్తీలు కట్టే ఇళ్లున్నాయి. ఆ కోపం నిజమైంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడలేం.

దానికి రంగూన్ కథ చెప్పాలి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో దాన్ని రంగం అనేవారు. ఇంటికొకడు రంగం పోయిన ఊళ్లుండేవి. వరికోతలకి, ధాన్యం మిల్లులకి, ఓడరేవు మూటలు మోయడానికి తెలుగువాళ్లే ఎక్కువగా వెళ్లేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీల తరఫు కాంట్రాక్టర్లు ఏం చేశారు? సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలని పనిలో పెట్టారు. బర్మావాళ్లకీ పని లేదు, వచ్చారు. కొద్దిరోజులకి సమ్మె రాజీ అయింది. తెలుగువాళ్లని మళ్లీ పనిలోకి రమ్మన్నారు, బర్మావాళ్లకి ఆ సంగతి సరిగ్గా చెప్పలేదు. మే 26 పొద్దున్నే రెండు వర్గాలూ రేవుకి వచ్చాయి. బర్మావాళ్లని వెళ్లిపొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, రోజులపాటు సాగింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలు. కూలి తగ్గించి ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని వదిలినవాళ్లకి ఒక్క దెబ్బా తగల్లేదు. 1942లో జపాను బాంబులు పడ్డాక మనవాళ్లు లక్షల్లో బర్మా వదిలి నడిచి బయల్దేరారు, కొండదారుల్లో వేలమంది రాలిపోయారు. ఆ బయటివాళ్లు మనవాళ్లు. అక్కడ ఎవరో 'వీళ్లు మన పని పోగొడుతున్నారు' అన్నది మనల్ని.

ఇంకో రకంగా జరిగిన ఊరు కూడా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియాలో డెలానో అనే చోట ద్రాక్షతోటలు. మన మామిడిలాగే కోత కొద్దివారాలే, కాయ ఆగదు. ఒక దేశం కూలీలు సమ్మె కడితే యజమానులు ఇంకో దేశంవాళ్లని తెచ్చి పెట్టడం అక్కడ మామూలు. 1965 సెప్టెంబరు 8న ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. మెక్సికో మూలాలున్న కూలీల సంఘం సీజర్ చావెజ్, డొలోరెస్ హ్యూర్టాలది. వాళ్ల పనిలోకి వీళ్లు వెళ్లకుండా, వారం తిరిగేసరికి సమ్మెలో కలిశారు. అయిదేళ్లు పట్టింది, 1970లో ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. హ్యూర్టా పిల్లల తల్లి, బేరాలు మాట్లాడింది ఆవిడే. దాదాపు నలభై ఏళ్లు గడిచాక ఆ ఉద్యమంలో పనిచేసినవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని, ఎవరి అనుభవం వాళ్లు రాసి, ఫోటోలు, పాత కరపత్రాలు పోగుచేసి ఒకచోట పెట్టారు. చావెజ్ పేరు అందరికీ తెలిసినంతగా ఇట్లియాంగ్ పేరు చాలాకాలం తెలీలేదు. సమ్మె మొదలుపెట్టింది ఎవరో నిలబెట్టి చెప్పింది ఆ పాతవాళ్ల కథలే.

కథ రాసినంత మాత్రాన కూలి పెరుగుతుందని మేం అనడం లేదు. ఒడిశా నుంచి వచ్చినామెని కూర్చోబెట్టి, నీకు మేస్త్రి రోజుకి ఎంత చెప్పాడు, చేతికి ఎంత వస్తోంది, అడ్వాన్సు ఎంత పట్టుకుంటున్నాడు అని అడిగితే, మన కూలి ఎందుకు తగ్గుతోందో మనకి తెలుస్తుంది. ఆమె తక్కువకి ఒప్పుకుందో, ఆమెకి ఎంతో చెప్పనే లేదో అప్పుడు తేలుతుంది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలంది. అందులో కూలి ఎంత, కూలిలో ఎంత పట్టుకున్నారు అన్నీ రాయాలని ఉండేది. పాస్‌బుక్కు అంటే ఏమిటో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? తోటలో అలాంటి పాస్‌బుక్కు చూసిన సభ్యులు మాకు ఇంతవరకు కనపడలేదు.

ఇంకో కష్టం కూడా చెప్పుకోవాలి. మన సభ్యుల్లో కూలికి వెళ్లేవాళ్లే కాదు, తోట ఉన్నవాళ్లు, గుత్తకి తీసుకునే ఇళ్లవాళ్లూ ఉన్నారు. కథలు రాస్తే వాటిలో మన ఇంటి పేరు కూడా వస్తుంది. పాక కూలిపోతే బాగుచేయించలేదని వస్తుంది, జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారని కూడా వస్తుంది. రెండూ రాయాలి. నచ్చినవే రాస్తే అది గుత్తదారు చిట్టాకన్నా గొప్పదేం కాదు.

2020 ఏప్రిల్ అందరికీ గుర్తే. లాక్‌డౌన్‌లో తెలంగాణ మిరపచేలలో పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవిదారిన నడిచి ఇంటికి బయల్దేరారు. వాళ్లలో పన్నెండేళ్ల పిల్ల ఒకతె, ఊరు ఇంక కొద్దిదూరం ఉందనగా చనిపోయింది. అది పేపర్లలో వచ్చింది కాబట్టి తెలిసింది. ఆ పిల్ల రెండు నెలలు ఏరిన మిరపకాయ ఏ ఊరి మార్కెట్టుకి పోయిందో, ఎవరింట్లో కారం అయిందో ఎవరూ చెప్పలేరు. ఆ ఏడు మన తోటల్లో ఇరుక్కుపోయినవాళ్లున్నారు. వాళ్లకి బియ్యం ఇచ్చిన సంఘాలున్నాయి. ఆ నెలల మినిట్స్ పుస్తకాలు తీసి చూస్తే సమావేశం జరగలేదు అని ఒక్క ముక్క ఉంది. జరిగినదంతా మనుషుల నోట్లోనే ఉంది.

కాబట్టి మేం అనుకున్నది ఇదీ. మినిట్స్ రాయడం మనకి వచ్చు. తేదీ, హాజరు, తీర్మానం, సంతకం, వేలిముద్ర, ఇవి పాతికేళ్లుగా రాస్తున్నాం. ఆ చేత్తోనే ఇది కూడా రాద్దాం. ప్రతి గ్రామ సమాఖ్యకి రెండువందల పేజీల గట్టి అట్ట నోటుపుస్తకం ఒకటి మండల సమాఖ్య ఇస్తుంది. బుక్ కీపరు గాని, సంఘంలో చదువుకున్న అమ్మాయి గాని రాయాలి. ముందు మన ఊళ్లో డెబ్భై దాటినవాళ్లు, నాట్లకి డెల్టాకి పోయినవాళ్లు, పాత కూలి సమ్మెల్లో ఉన్నవాళ్లు, సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్లు. వాళ్లు ఆగరు కాబట్టి వాళ్లే ముందు. తర్వాత తోటల్లో ఉన్న ముఠాలవాళ్లు.

రాసేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. మేస్త్రి ముందు అడగకూడదు, మొగుడి ముందు కూడా వీలైతే అడగకూడదు. పనివేళ అడిగితే కూలి పోతుంది, కాబట్టి చీకటిపడ్డాక, వంట దగ్గర కూర్చుని అడగాలి. నీ కష్టాలు చెప్పమ్మా అంటే ఎవరూ చెప్పరు. మొదటిసారి బస్సెక్కిన రోజు అడగండి, ఆ రోజు ఏం కట్టుకున్నావు, మూటలో ఏం పెట్టుకున్నావు, పిల్లని ఎవరి దగ్గర వదిలావు అని. అక్కడినుంచి కథ దానంతట అదే వస్తుంది. పేరు రాయాలా వద్దా ఆమే చెప్పాలి. రాసింది ఆమెకి చదివి వినిపించాలి, వద్దన్నది కొట్టేయాలి. ఆమె మాట ఒడియా అయితే, ఇక్కడి బడిలో చదువుతున్న ఆమె పిల్లాడే చెప్పగలడు. కానీ పిల్లాడి ముందు చెప్పలేనివి ఉంటాయని గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయొచ్చు, మంచిదే, ఫోను మార్చినప్పుడు ఎన్ని ఫోటోలు పోయాయో లెక్కేసుకుని నోటుపుస్తకం కూడా రాయండి. ఒక నకలు ఆమెకి ఇవ్వాలి. ఆమెకి చదవడం రాకపోయినా ఇవ్వాలి.

రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చేసరికి కోతలు అయిపోతాయి, పాకలు విప్పేస్తారు, ముఠాలు బండెక్కేస్తాయి. అందుకని ఏప్రిల్ నెల గ్రామ సమాఖ్య సమావేశాల ఎజెండాలో ఈ అంశాన్ని మూడోదిగా పెట్టించాం, పొదుపు, అప్పుల వసూలు తర్వాత. నోటుపుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి, సంతకం పెట్టి తీసుకెళ్లండి.